మనసులో మిగిలేది ఏమిటి?



మొన్న ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. కొడుకుది హైదరాబాదులో రాత్రి డ్యూటీ. ఆదివారం తెల్లవారాక గదికి చేరి పడుకుంటాడు, దివ్యబలిపూజ తప్పిపోతోంది. "మీరు చెబితే వింటాడు ఫాదర్ గారూ, ఆ ఉద్యోగం మానెయ్యమనండి" అన్నాడు. కాలం పాడైపోయిందని నేనూ తలూపి, మానిపించమన్నాను. తొందరపడ్డాను. (తండ్రీకొడుకుల అనుమతితోనే ఇది రాస్తున్నాను.)

ఆ రాత్రి పునీత లొయోల ఇన్యాసివారు గుర్తుకువచ్చారు. మన పల్లెల్లో ఇన్నయ్య, ఇన్నాసమ్మ అని పెట్టుకునేది ఆయన పేరే. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి, కాలు విరిగి, ఆయన నెలల తరబడి మంచం పట్టారు. వీరగాథలు అడిగితే ఇంట్లో లేవని క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు ఇచ్చారు. యుద్ధంలో పేరు తెచ్చుకొని ఒక గొప్పింటి స్త్రీ మెప్పు పొందాలని గంటలకొద్దీ కలలు కనేవారు. అప్పుడూ సంతోషమే. పునీత ఫ్రాన్సిస్, పునీత దోమినిక్ వార్లలా జీవించాలని తలచినప్పుడూ సంతోషమే. తేడా తర్వాత తెలిసింది. మొదటి తలంపు పోయాక మనసు ఎండిపోయేది. రెండవది పోయాక కూడా ఆనందం నిలిచేది. ఆత్మల వివేచనలో ఆయన తొలి అడుగు అదే. మనసు చీకటిగా ఉన్నప్పుడు, అంతకుముందు చేసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చవద్దని తరువాత ఆధ్యాత్మిక సాధనల్లో రాశారు.

కొత్తదంతా పిశాచి పని అనడం సులువు. కొత్తదంతా ప్రగతి అనడమూ అంతే సులువు. రెండింటికీ ప్రార్థన అక్కరలేదు. పవిత్రతను గూర్చి 2018లో ఫ్రాన్సిస్ పోపుగారు ఇచ్చిన ప్రబోధంలో, కుటుంబ పోషణకు కష్టపడే స్త్రీపురుషులలో పవిత్రతను చూశారు. రాత్రంతా మేలుకొని ఇంటికి డబ్బు పంపే కుర్రవాడు అందులో లేడా?

పండుగకు వచ్చినప్పుడు అబ్బాయిని కూర్చోబెట్టి, "డ్యూటీ దిగాక నీ మనసులో ఏం మిగులుతుంది?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "పని అయ్యాక అలసటే ఫాదర్, బాధ ఉండదు. గదిలో అందరం ఫోనులో డబ్బు పెట్టి పేకాట ఆడతాం. గెలిచినా సరే, ఆ తర్వాత నిద్ర పట్టదు" అన్నాడు. నేను మానిపించబోయింది దేన్ని?

శనివారం సాయంత్రపు పూజలో పాల్గొన్నా ఆదివారపు కట్టడ నెరవేరుతుందని అతనికి తెలియదు. చెప్పవలసిన మేమే చెప్పలేదు. ఇప్పుడు డ్యూటీకి ముందు వెళుతున్నాడు. పేకాట మాత్రం రెండు వారాలు మానాడు, మూడో వారం మళ్ళీ ఆడాడట. తనే ఫోను చేసి చెప్పాడు.

తండ్రికి కోపం తగ్గలేదు. ఈ ఆదివారం పూజ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాలి. ముందు నా మాట నేను వెనక్కి తీసుకోవాలి.