మనకంటె ముందు చావవలసినది

ధ్యాన భాగము: లూకా 23:39–43



మన పల్లెలలో ఎవరికైన తీరని జబ్బు వచ్చినను, పిడుగు పడినను, బోరు వేసి నీళ్లు పడక ఎవడైన అప్పుల పాలైనను, అరుగు మీద కూర్చున్నవారి నోట మొదట వెలువడు మాట ఒకటి కలదు: “వాని కర్మము.” ఈ మాట అన్యుల నోటనే కాదు, మన సంఘస్థుల యిండ్లలోను వినబడుచున్నది. తాతల నాడే బాప్తిస్మము పొందిన కుటుంబములవారు సహితము చావు యింటికి పోయి తిరిగి వచ్చునప్పుడు ఈ మాటనే చెప్పుకొనుచు వత్తురు. కాబట్టి ఈ నెల మనము మూడు సంగతులను గూర్చి ఆలోచింతము. కర్మము నిజమా? మనలోని “నేను” చచ్చుట యనగా నేమి? మరణమునకు మనము ఎట్లు సిద్ధపడవలెను? ఇవి మూడు వేరు ప్రశ్నలుగా కనబడును గాని, ప్రభువు ప్రక్కను సిలువ వేయబడిన ఒక దొంగ మాటలలో మూడింటికిని ఒకటే జవాబు ఉన్నది.

మొదట కర్మమును గూర్చి న్యాయముగా మాటలాడుదము. పొరుగువారి నమ్మకమును ఎగతాళి చేయుట సువార్త కాదు. చేసిన పనికి ఫలము కలదని మన సత్యవేదము కూడ చెప్పుచున్నది. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము 7వ వచనములో పౌలు విత్తనమునకు తగిన పంటయే చేతికి వచ్చునని బోధించెను. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ విత్తినవాడు జొన్న కోయడు. సారాయికి ఒడలు అప్పగించినవాడు ఆ ఒడలితోనే దాని వెల చెల్లించును. పాపమునకు ఫలము లేదని చెప్పువాడు దేవుని సేవకుడు కాడు.

అయితే చిక్కు ఎక్కడ వచ్చుచున్నది? విత్తనమును బట్టి పంటను చెప్పుట ఒకటి. పంటను చూచి, మన కంటికి కనబడని విత్తనమును మనమే కల్పించుట మరియొకటి. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినది ఇట్టి ప్రశ్నయే. వాడు పాపము చేసెనా, వాని తలిదండ్రులు చేసిరా అని వారు ప్రభువును అడిగిరి. వీరిలో ఎవరి పాపమును దానికి కారణము కాదని ఆయన చెప్పి, వాదము పెంచక, బురద చేసి వాని కన్నులకు పూసి వానిని కోనేటికి పంపెను (యోహాను 9). సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు కూడ, వారు తక్కినవారికంటె పాపులని తలంచవద్దనియు, వినుచున్న మీరే మారుమనస్సు పొందవలెననియు ఆయన హెచ్చరించెను (లూకా 13:1–5). పరుల చావును కొలుచుటకు ఎత్తిన కొలబద్దను ప్రభువు మన చేతిలోనుండి తీసి, మన తట్టే త్రిప్పెను.

ఈ సంగతి ఎంత ముఖ్యమో మన దేశపు అనుభవమే చూపుచున్నది. కుష్ఠురోగిని చూచి పూర్వజన్మ పాపమని యెన్నో తరములవారు ఊరి వెలుపలికి నెట్టిరి. 1873వ సంవత్సరములో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఆ జబ్బునకు ఒక సూక్ష్మక్రిమి కారణమని కనుగొనెను. నేడు కొన్ని మందులు కలిపి క్రమముగా పుచ్చుకొన్నయెడల అది నయమగుచున్నది. మన ఆంధ్రములోనే మరియొక ఉదాహరణ కలదు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతములలో మనుష్యుల పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగిపోవుచుండెను. బావి నీటిలోని ఫ్లోరైడు అందుకు కారణమని 1937లో వైద్యులు వెల్లడి చేసిరి. నీటిని పరీక్షింపక ఆ పిల్లల జన్మమునే పరీక్షించుచు కూర్చున్నవారు వారికి ఒక్క కడవ మంచినీరైనను ఇయ్యలేకపోయిరి. 1876 మొదలు 1878 వరకు మన సీమను మాడ్చిన ధాత కరువులో చచ్చినవారు బ్రదికినవారికంటె పాపులని చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును?

“వాని కర్మము” అను మాటలో ఒక రహస్యము దాగియున్నది. ఆ మాట చెప్పినవాడు రెండు పనులు చేయుచున్నాడు. రోగి దగ్గరకు పోయి సహాయము చేయవలసిన బాధ్యతను తప్పించుకొనుచున్నాడు. తాను వానికంటె మంచివాడనని తనకు తానే తీర్పు వ్రాసికొనుచున్నాడు. కర్మ సిద్ధాంతమును బోధించిన పెద్దలు దయ చూపవద్దని చెప్పలేదు. మన పొరుగు హిందువులలో అన్నము పెట్టువారు, నీళ్ల పందిళ్లు వేయువారు అనేకులున్నారు. తప్పు ఆ సిద్ధాంతమును పట్టుకొన్న చేతిది. దానిని పట్టుకొన్న చేతి పేరే “నేను.”

ఇప్పుడు కల్వరి కొండకు పోవుదము. అక్కడ ఇద్దరు దొంగలు. ఇద్దరిదియు ఒకే శిక్ష, ఒకే దినము, అవే మేకులు, అదే నొప్పి. మొదటివాడు చావబోవుచును ప్రభువును దూషించెను. నీవు క్రీస్తువైతే నిన్నును మమ్మును రక్షించుకొమ్మని సవాలు చేసెను. వాని దేహము చచ్చుచున్నది గాని, వాని “నేను” ఇంకను గద్దె మీదనే యున్నది. రెండవవాడు వానిని గద్దించి, మనకు కలిగినది మన పనులకు తగినదే యని ఒప్పుకొని, ఈయన ఏ తప్పును చేయలేదని సాక్ష్యమిచ్చెను. చూచితిరా? కర్మమను మాటను మనుష్యుడు పలుకదగిన స్థలము ఇదొక్కటే. వాడు దానిని మొదట తన మీదనే చెప్పుకొనెను. ప్రక్కన వ్రేలాడుచున్న యేసును చూచి “ఆయన కర్మము” అనలేదు.

అటుతరువాత వాడు అడిగినది గమనించుడి. సిలువ మీదనుండి దించుమని అడుగలేదు. తన మంచి పనుల లెక్క చెప్పలేదు. చెప్పుటకు ఏమియు లేదు. ఆయన రాజ్యములో తన్ను జ్ఞాపకము చేసికొనుమని మాత్రమే వేడుకొనెను. న్యాయముగా నాకు రావలసినది శిక్షయే, నాకు కావలసినది కృపయే అని ఒప్పుకొనుటయే అహము చచ్చుట. దేహము చావకమునుపే వానిలోని “నేను” చచ్చెను. కాబట్టి ప్రియులారా, మరణము దానంతట అదే అహమును చంపదు. అది చంపగలిగినయెడల మొదటి దొంగయు మారియుండవలెను గదా?

ప్రొద్దుటూరు అంగడిలో వర్తకుని చిట్టాలో ఎవని పద్దు వానికే వ్రాయబడును. కర్మమును అట్టి చిట్టాయే. అందులో బాకీ పడినవాడు తానే తీర్చవలెను. ఈ జన్మలో తీరనియెడల మరియొక జన్మలో తీర్చవలెనని మన పొరుగువారు నమ్ముదురు. సువార్త ఆ బాకీ అబద్ధమని చెప్పుట లేదు. బాకీ నిజమే, అయితే మన మీదనున్న ప్రోనోటును ప్రభువు తన సిలువకు మేకులతో కొట్టి రద్దు చేసెనని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:14 లో పౌలు చెప్పుచున్నాడు. ఈ ఉచితమైన మాట వినుటకు సులభము, ఒప్పుకొనుటకు కష్టము. ఏలయనగా మనలోని “నేను” బాకీదారుడని పిలువబడుటకును ఇష్టపడదు, ఒకని దయ చేత విడుదలయైతినని చెప్పుకొనుటకును ఇష్టపడదు.

అహము చావవలెనను బోధ మన సీమకు క్రొత్త కాదు. వేమన ఈ మాటను పామరులకు తెలియునట్లు చెప్పెను. మైదుకూరుకు దగ్గరనున్న కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మము గారు 1693లో జీవసమాధి యందు ప్రవేశించిరని సంప్రదాయము. ఆ దినమున తన ప్రియ శిష్యుడు సిద్దయ్యను పూలకై బనగానపల్లెకు పంపిరనియు, అతడు తిరిగి వచ్చి దుఃఖించెననియు మఠమునకు పోవువారు నేటికిని చెప్పుకొందురు. చావును ముందుగానే యెదుట పెట్టుకొని, దినమును నిర్ణయించుకొని, శిష్యులకు చెప్పవలసినది చెప్పి వెళ్లిన పెద్ద అని వారు ఆయనను గౌరవింతురు. చావు పేరెత్తినంతనే చెవులు మూసికొను క్రైస్తవులు ఈ గంభీరతను చూచి సిగ్గుపడవలెను.

అయినను భేదమొకటి కలదు. దానిని మరుగు చేయరాదు. అహము నశించుటయనగా బిందువు సముద్రములో కలిసిపోయినట్లని కొందరు బోధింతురు. పౌలు తాను క్రీస్తుతో కూడ సిలువ వేయబడితిననియు, ఇక తనలో జీవించుచున్నవాడు క్రీస్తే ననియు చెప్పెను (గలతీ. 2:20). అయితే అట్లు చెప్పిన పౌలు మాసిపోలేదు; తన్ను ప్రేమించినవానిని ఎరిగి, ఆయన పని చేయుచు, ఉత్తరములు వ్రాయుచునే యుండెను. ప్రభువు ఆ దొంగతో చెప్పిన మాటలోను ఇద్దరున్నారు: నీవు, నాతో. గర్వపు “నేను” చచ్చును; ప్రేమింపబడిన మనుష్యుడు మిగులును. గొర్రు వెంట నేలలో పడిన గింజ వంటిదని ప్రభువు తానే చెప్పెను (యోహాను 12:24). ఆ గింజ పొట్టు చీలును, గింజయొక్క రూపు పోవును, గాని మొలక మన్నై పోదు.

ఇక మన సీమకు తగిలిన సంగతికి వత్తును. కడప పేరు చెప్పగానే పొరుగు జిల్లాలవారు ముఠా కక్షలను తలంతురు. అవి పూర్వమంత ఉధృతముగా లేకున్నను వాటి వేరు మన గుండెలలో నున్నది. పులివెందుల తట్టు పోయినను, జమ్మలమడుగు తట్టు పోయినను, పొలము గట్టును గూర్చి పలుకులు మానుకొన్న అన్నదమ్ములు కనబడుదురు. బండిదారి తగవు తండ్రితో పోదు. కొడుకు దానిని పొలముతో పాటు పుచ్చుకొనును. ఆ గట్టు ఎవడు ముందుగా జరిపెనో మనుమనికి తెలియదు; పగ మాత్రము తెలియును. జన్మ జన్మలకు వెంటాడు కర్మమున్నదో లేదో యని వాదించు మనకు, తరము తరమునకు దిగుచున్న ఈ కర్మము కన్నులయెదుట కనబడుట లేదా? మనము చంపుకొనని “నేను” మనతో పాటు సమాధిలోనికి రాదు. అది యింటిలోనే నిలిచి, మన బిడ్డల భుజముల మీద కూర్చుండును.

తండ్రులు తిన్న పులుపునకు పిల్లల పండ్లు పులియునను సామెతను ఇక పలుకవద్దని దేవుడు యెహెజ్కేలు ద్వారా సెలవిచ్చెను (18వ అధ్యాయము). ఆ సామెత మన యింట ఆగవలెనన్నయెడల ఎవరో ఒకరు ముందుగా వంగవలెను. దానికే మరణ సిద్ధపాటని పేరు.

చివరి గడియలో దొంగ రక్షింపబడెను గనుక మేమును అప్పుడే చూచుకొందుమని కొందరు చెప్పుదురు. ఆ దొంగకు చేతులు మేకులతో కొట్టబడియుండెను. అన్యాయముగా పుచ్చుకొన్నది తిరిగి ఇచ్చుటకు వానికి వీలు లేకపోయెను. మీ చేతులు ఇంకను ఖాళీగా నున్నవి. వానికి నోరు మాత్రమే మిగిలెను, దానితో చేయదగినదంతయు చేసెను. మీకు కాళ్లు కూడ నున్నవి; తమ్ముని గడపకు నడిచి పోవచ్చును.

కాబట్టి ఈ పనులను ఆలస్యము చేయకుడి. ఒకటి: ఎవనితో పలుకులు లేవో వాని యింటికి మీరే ముందుగా వెళ్లుడి. అర్పణను బలిపీఠము నొద్ద విడిచియైనను వెళ్లి సమాధానపడుమని ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5:23–24). రెండు: ఇల్లు చక్కబెట్టుకొనుమని యెషయా హిజ్కియా రాజునకు చెప్పెను (2 రాజులు 20:1). అప్పుల లెక్క, పొలము పంపకము, వీలునామా తెలివి యుండగానే తీర్చుడి, కుమార్తెలను మరువకుడి. మూడు: మంచముననున్న పెద్దవారికి “ఏమియు లేదు, రేపు లేచెదవు” అని తుదివరకు అబద్ధమాడకుడి. యెషయా రాజునకు సహితము నిజమే చెప్పెను. నిజము వినినందుననే అతడు గోడ తట్టు తిరిగి ప్రార్థింపగలిగెను. మెల్లగా, చేయి పట్టుకొని, నిజము చెప్పి, క్షమాపణ అడుగుటకును ఇచ్చుటకును వారికి సమయమియ్యుడి. “ఇది నా పాప ఫలమా?” అని రోగి అడిగినయెడల తీర్పరి కాకుడి, ఆ దొంగకు వాగ్దానము చేసిన ప్రభువును చూపుడి. నాలుగు: ప్రతి రాత్రి దీపము ఆర్పకమునుపు, ఈ దినము నాలోని “నేను” ఎవరిని బాధపెట్టెనని అడుగుకొనుడి. తాను దినదినము చనిపోవుచున్నానని పౌలు వ్రాసినది (1 కొరింథీ. 15:31) తన ప్రాణాపాయములను గూర్చియే. అట్లు దినమును అప్పగించుట నేర్చినవానికి కడపటి దినము క్రొత్త పాఠము కాదు.

ఈస్టరు తెల్లవారుజామున మనము సమాధుల దొడ్డిలో క్రొవ్వొత్తులు వెలిగించి నిలుచుందుము గదా. కడప బండల మీద పేర్లు, సంవత్సరములు చెక్కబడియుండును. ఎవరెవరికి పలుకులు లేకుండెనో ఆ బండలు చెప్పవు. బ్రదికియున్న బిడ్డలు ఎడమెడముగా నిలుచుటయే దానిని చెప్పును. వచ్చు ఈస్టరునకు మీ కుటుంబపు సమాధుల చుట్టు మీ వారందరు ఒక్క గుంపుగా నిలుచునట్లు, దేవుడు మనకు మనకంటె ముందు చావవలసిన దానిని చంపుకొను కృపను దయచేయును గాక. ఆమేన్.