ఎన్ని టేబుళ్ళు, ఎంత పందెం?

వాక్యభాగము: లూకా సువార్త 12:13-21



ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ భోజనాల దగ్గర ఉండగా ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. అతని అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఇది రాస్తున్నాను. "అన్నయ్యా, మన న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్ 2013 నుంచి చట్టబద్ధమే కదా. ఆరు నెలలుగా రాత్రిళ్ళు ఆడుతున్నాను. కొంత మిగిలింది కూడా. ఇప్పుడు ఒకేసారి నాలుగు టేబుళ్ళు ఆడనా, లేక ఒకే టేబుల్ మీద పందెం పెంచనా? దేవుని చిత్తం ఏదో ప్రార్థన చేసి చెప్పండి" అన్నాడు.

నవ్వకండి. మన ప్రార్థనలు కూడా చాలాసార్లు ఇలాగే ఉంటాయి. రెండు దారులు మనమే గీసుకుంటాం, అందులో ఒకటి చూపించమని ప్రభువును అడుగుతాం. అసలు ఆ దిక్కుకే వెళ్ళాలా అని మాత్రం అడగం.

ముందు అతని లెక్కే చూద్దాం. అర డాలరు, ఒక డాలరు టేబుల్ దగ్గర మామూలుగా 100 డాలర్లతో కూర్చుంటారు. ఆ పై టేబుల్‌కు 200 కావాలి. పందెం పెంచితే గెలుపుతో పాటు ఓటమీ రెట్టింపే, ఎదుటివాళ్ళు ఇంకా ఆరితేరినవాళ్ళు. టేబుళ్ళు పెంచితే ఆటలు నాలుగింతలవుతాయి, ఆలోచించడానికి మాత్రం కొన్ని సెకన్లే మిగులుతాయి. ఏది ఎంచుకున్నా వెబ్‌సైటు తన వాటా తాను తీసుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు ప్రభువు చెప్పిన ఉపమానానికి వద్దాం. ఒక ధనవంతుని పొలం బాగా పండింది. ధాన్యం ఎక్కడ పెట్టాలన్నదే అతని సమస్య. ఉన్న కొట్లు తీసేసి ఇంకా పెద్దవి కట్టాలనుకున్నాడు. లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. కానీ గమనించండి, అతడు సలహా అడిగింది తననే. ఆ మాటల్లో దేవుడు లేడు, పొరుగువాడు లేడు. "ఎంత పెద్దవి?" అన్నదే ప్రశ్న. "ఎవరి కోసం?" అన్న ప్రశ్న ఆ రాత్రి దేవుడే అడగవలసి వచ్చింది.

ఒక తేడా కూడా ఉంది. ఆ ధనవంతుని పంట కనీసం భూమిలోంచి వచ్చింది. పోకర్‌లో ఒక్క గింజా పండదు. మీరు గెలిచిన ప్రతి డాలరూ ఇంకొకరు పోగొట్టుకున్నదే. "ఇది జూదం కాదు, నైపుణ్యం" అంటారా? సరే, ఒప్పుకుందాం. అయితే ఆ నైపుణ్యం ఎవరి మీద పనిచేస్తుంది? తెలియనివాడి మీదే కదా. అలాంటివాణ్ణి పోకర్ ఆడేవాళ్ళు 'ఫిష్' అంటారు. మనుషులను పట్టే జాలరులుగా చేస్తానని ప్రభువు పేతురును పిలిచింది దీనికా?

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. కానీ పౌలు కొరింథీయులకు ఇంకో కొలత ఇచ్చాడు: అనుమతి ఉన్నదైనా సరే, దానికి నేను బానిసను కాను (1 కొరింథీ 6:12 భావం). ఊళ్ళో పేకాటకు తోటలోకో పాకలోకో వెళ్ళాలి, ఎవరో ఒకరు చూస్తారు. ఇక్కడ దుప్పటి కింద ఫోన్ చాలు.

అందుకే ఆ తమ్ముణ్ణి ఒక్కటే అడిగాను: "మీ ఇంట్లో తెలుసా?" తల వంచుకున్నాడు. "గెలిచినప్పుడు చెప్పాను అన్నయ్యా" అన్నాడు.

ప్రియులారా, జవాబు అక్కడే దొరికింది. చీకటిలో దాచుకున్న లెక్కకు దేవుని చిత్తం అని పేరు పెట్టలేం.

మీరు ఆ స్థితిలో ఉంటే ఈ రాత్రే మీ భార్యకో భర్తకో మొత్తం లెక్క చెప్పండి, ఓడినది కూడా. యాప్ తీసేయడంతో ఆగకండి. న్యూజెర్సీలో ఒక ఏడాదికో అయిదేళ్ళకో ఆన్‌లైన్ జూదం నుంచి మీ పేరు మీరే తీయించుకోవచ్చు. 1-800-426-2537కు ఫోన్ చేస్తే సహాయం దొరుకుతుంది. సహాయం అడగడం విశ్వాసలోపం కాదు. సంఘస్థులారా, మీ దగ్గరికి వచ్చి ఒప్పుకున్నవాడి మాట మీ దగ్గరే ఉండనివ్వండి. అది వాట్సాప్‌లోకి వెళ్తే రెండోవాడు నోరు తెరవడు.

ఆ తమ్ముడు ఇంటికెళ్ళి చెప్పాడు. ఆ ఇంట్లో కన్నీళ్ళూ ఉన్నాయి, కోపమూ ఉంది. ఇంకా పోరాటం ముగియలేదు. అతని కోసం ప్రార్థించండి.

ప్రభువా, మేము గీసుకున్న రెండు దారులనూ నీ పాదాల దగ్గర పెడుతున్నాము. నీ దారి మాకు చూపించుము. ఆమేన్.