ఆడబిడ్డ సంతకం

వాక్యభాగం: లేవీయకాండము 25:23–31, యోబు 42:12–15

నాయన కట్టిన ఇల్లు అమ్మడం పాపమా? మన సంఘాల్లో ఈ ప్రశ్న అడిగే విశ్వాసులు చాలామందే ఉన్నారు. అమ్మానాయనలు ప్రభువులో నిద్రించారు, పిల్లలు హైదరాబాదులో బతుకుతున్నారు. ఊళ్లో పెంకుటింటి మీద గూనలు జారి గోడ వానకు నానుతున్నది. నాబోతు తన పిత్రార్జితాన్ని రాజుకే ఇవ్వనన్నాడు గదా, మనమెట్ల అమ్ముతాం అని కొందరు వెనకాడతారు.

వాళ్లు లేవీయకాండం 25వ అధ్యాయం నిదానంగా చదవాలి. ప్రాకారమున్న పట్టణంలో ఇల్లు అమ్మితే విడిపించుకోవడానికి గడువు ఒక్క ఏడాదే. ప్రాకారం లేని పల్లెలోని ఇంటికి మాత్రం పొలానికున్న న్యాయమే: విడిపించుకోవచ్చు, లేదంటే సునాద సంవత్సరంలో అది తిరిగి సొంతదారుకే వస్తుంది. పేదరికం వస్తే మనిషి అమ్ముకుంటాడని దేవుడికి తెలుసు. భూమి తనదనీ, మనం తన దగ్గర కాపురమున్న పరదేశులమనీ 23వ వచనంలోనే చెప్పాడు. మనకు సునాద సంవత్సరం లేదు, రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు పోయినట్టే. అయినా అమ్మడం పాపం కాదు.

పాపం వేరేచోట దాగి ఉంటుంది. గ్రామకంఠంలో ఇంటికి పాసుపుస్తకం ఉండదు. పంచాయతీ ఇంటిపన్ను రశీదు నాయన పేరు మీదో పెద్దకొడుకు పేరు మీదో నడుస్తుంటుంది. కొనేవాడు జాగ్రత్తపరుడైతే ఆడబిడ్డల సంతకాలూ కావాలంటాడు. అన్నకు చెల్లె అప్పుడు గుర్తొస్తుంది. "కట్నమిచ్చి పెండ్లి చేసినం గదా, ఒక్క సంతకం పెట్టిపో బిడ్డా" అని చీర పెట్టి పంపుతాడు. ఆమె కాదనదు. వాటా అడిగితే తల్లిగారింటికి రాకపోకలు తెగుతాయని భయం. ఆ భయాన్ని మనం ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు పత్రంలో రాయించుకుంటాం.

సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు మోషే ముందు నిలబడి తండ్రి స్వాస్థ్యం అడిగితే, వాళ్ల మాట న్యాయమని దేవుడే తీర్పిచ్చాడు. వాళ్లకు అన్నదమ్ములు లేరు కాబట్టి అది మనకు వర్తించదని వాదించే పెద్దలూ ఉన్నారు. వాళ్లు యోబు గ్రంథం చివరి అధ్యాయం తెరవాలి. యోబుకు ఏడుగురు కొడుకులు. అయినా యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అనే ముగ్గురు కూతుళ్లకూ అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యమిచ్చాడు. అతణ్ణి ఎవరో బలవంతపెట్టినట్టు అక్కడ ఒక్క మాట కూడా లేదు.

మనకైతే చట్టమే ఉంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి వీలునామా రాయకుండా పోతే తల్లికి మూడో వంతు, మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. కాగితాల మీద హిందువులుగా ఉన్న ఇళ్లలోనూ 2005 సవరణతో పిత్రార్జితంలో కూతురి హక్కు కొడుకుతో సమానమైంది. దావీదు కీర్తనలు కంఠతా వచ్చిన మనకు ఈ లెక్క తెలియదంటే నమ్మడం కష్టం.

ఇల్లు అమ్మదలిస్తే, బయానా పుచ్చుకోకముందే ఈ రోజు మీ అక్కకో చెల్లెకో ఫోన్ చేయండి. ధర ఎంత పలికిందో, అందులో తన వాటా ఎంతో మీ నోటితోనే చెప్పండి. వదులుకుంటారో తీసుకుంటారో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

ప్రార్థన: ప్రభువా, మా నాయన ఇంటి లెక్కలో ఎవరి వాటానూ మేము దాచుకోకుండా మమ్మల్ని కాపాడు. ఆమేన్.