నీరెండలో నల్లరాయి

సౌందర్యం సత్యాన్ని వెల్లడిస్తుందా, లేక కప్పివేస్తుందా అన్న ప్రశ్న చాలా ప్రాచీనమైనది. కావ్యాలను గూర్చి, శిల్పాలను గూర్చి పెద్దలు దీనిని చిరకాలంగా చర్చించినారు. నేడు చేతిలో కెమెరా గల ప్రతివాని ఎదుటా అదే ప్రశ్న నిలిచి ఉన్నది. పాత రాతి ఊళ్ళను సాయంకాలపు నీరెండలో ఛాయాచిత్రాలుగా తీయడం అనేక దేశాలలో ప్రీతిపాత్రమైన వ్యాసంగమైనది. ఆ చిత్రాలు చూచేవారికి కన్నుల పండుగ. అయితే ఆ గోడలు ఎవరి చెమటతో లేచినవో, వారికి ఆ చిత్రం ఏమైనా ఋణపడి ఉన్నదా? ఒప్పంద కూలీల సంతతివారికి ఇది ఇంటి ప్రశ్న.

ఛాయాచిత్రకారులు ఆ వేళను కోరుకొనడానికి కారణం ఉన్నది. సూర్యుడు దిగంతానికి చేరువైనప్పుడు అతని కిరణాలు వాయుమండలంలో ఎక్కువ దూరం ప్రయాణం చేయవలసి వస్తుంది. ఆ దారిలో నీలవర్ణం చెదరిపోయి, పసుపు, ఎరుపు వర్ణాలు మిగులుతాయి. వెలుగు ఏటవాలుగా పడుటచే రాతిమీది ప్రతి గీత, ప్రతి ఉలిదెబ్బ నీడతో సహా పైకి తేలుతుంది. మిట్టమధ్యాహ్నం మొద్దువలె కనబడిన బండ సాయంకాలం మాట్లాడబోతున్నట్లు ఉంటుంది. ఉష్ణమండలంలో సూర్యుడు నిటారుగా క్రుంకుతాడు కావున ఈ వైభవం కొద్దిసేపే. ఉత్తర దేశాలలో వేసవి సాయంకాలం ఇది దీర్ఘంగా సాగుతుంది.

ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతం ఇట్టి చిత్రాలకు పేరుపొందినది. అక్కడి ఇండ్లు తేనెరంగు సున్నపురాతితో కట్టినవి. బైబరీ గ్రామంలోని ఆర్లింగ్టన్ రో అనే ఇండ్ల వరుసను చిత్రించని యాత్రికుడు అరుదు. ఆ కట్టడం 1380 ప్రాంతంలో ఉన్ని నిలువచేయు కొట్టుగా వెలిసి, పదునేడవ శతాబ్దంలో నేతపనివారి ఇండ్లుగా మారినది. ఇరుకు గదులలో మగ్గం ముందు కూర్చున్నవారి శ్రమ నేటి చిత్రాలలో కనబడదు. పూలతీగలు, పొగగొట్టాలు, బంగారు గోడలు మాత్రమే కనబడతాయి. పేదరికానికి కాలం దూరమైన కొలది దానికి అందం వచ్చి చేరుతుంది.

మారిషస్ దీవిలో రాయి నల్లనిది, అగ్నిపర్వతం కక్కినది. ఈశాన్య తీరాన పోస్ట్ లాఫయెట్ సమీపాన బ్రా దో అనే అరణ్యం ఉన్నది. 2011లో దానిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినారు. పందొమ్మిదవ శతాబ్దంలో అది చెరకు ఎస్టేటు. మిల్లు శిథిలాలు, కూలీలు నివసించిన రాతి కట్టడాల ఆనవాళ్ళు చెట్ల నడుమ నేటికీ మిగిలి ఉన్నవి. దీవిలో మరికొన్ని చోట్ల చెరకు చేల మధ్య నల్లరాళ్ళ గుట్టలు పేర్చినట్లు నిలిచి ఉంటాయి. నాగలి సాగడానికి నేలలోని రాళ్ళను పెళ్ళగించి, మోసి, ఒకచోట పోసినవి ఆ గుట్టలు. సాయంకాలం వాటిమీద ఎండ పడినప్పుడు అవి దేవాలయ గోపురాలను తలపిస్తాయి. వాటిని లేపినవి కూలీల చేతులు.

ఆ చేతులు ఎవరివి? 1834 మొదలు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ దీవిలో దిగినారు. గోదావరి ముఖద్వారాన గల కోరంగి రేవు నుండి వెళ్ళిన తెలుగువారు అందులో ఉన్నారు. తొలినాటి ఒప్పందాలలో పురుషునికి నెలకు ఐదు రూపాయల జీతం. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత.

ఆ కూలీలకు కూడ ఛాయాచిత్రంతో పరిచయం కలిగినది, కాని మరొక రీతిగా. 1867 నాటి చట్టం వలన, ఒప్పందం ముగించుకొన్న పాత కూలీ తన ఛాయాచిత్రం అతికించిన చీటీని వెంట ఉంచుకొనవలసి వచ్చినది. చీటీ చూపలేనివానిని దేశదిమ్మరిగా ఎంచి పట్టుకొనేవారు. ఈ బాధలను విన్నవిస్తూ 1871లో అడోల్ఫ్ ద ప్లేవిట్జ్ సహాయంతో 9,401 మంది పాత కూలీలు మహజరు సమర్పించినారు. దాని ఫలితంగా 1872లో రాజ విచారణ సంఘం దీవికి వచ్చినది. నాటి చిత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భాండాగారంలో భద్రంగా ఉన్నవి. తమ ముత్తాత ముఖాన్ని మొదటిసారి అక్కడ చూచుకొన్న కుటుంబాలు ఎన్నో.

ఈ రెండు విధాల చిత్రాలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. చీటీమీది చిత్రంలో మనిషి ఉన్నాడు, ఊరు లేదు. అతని వెనుక ఇల్లు లేదు, చెట్టు లేదు, తోడు లేదు. నీరెండలోని చిత్రంలో ఊరు ఉన్నది, మనిషి లేడు. మొదటిది గుర్తుపట్టడానికి తీసినది, రెండవది ఆనందించడానికి తీస్తున్నది. రెండింటిలోను ఒక సగం లోపించినది. సత్యమునకు కలుగుచున్న హాని వెలుగు వలన కాదు, ఈ లోపం వలన.

ఇట్లు చెప్పగా కొందరు, దుఃఖస్థలాలను అందంగా చిత్రించడమే అపచారమంటారు. చెమటకు బంగారుపూత పూయరాదని వారి వాదం. ఆ వాదంలో న్యాయం ఉన్నది. అయినను అది సంపూర్ణం కాదు. కూలీలు కష్టమొక్కటే ఎరిగినవారనుట వారికి మరొక అన్యాయం చేయుట. పగలు తోటదొరది, అసురసంధ్యవేళ మాత్రం కొంతవరకైనా వారిది. పనినుండి మరలివచ్చి, కాళ్ళు కడుగుకొని, దీపం వెలిగించి, ఆ దీపం చుట్టూ రామభజన పాడుకొన్న వేళ అది. మారిషస్ తెలుగువారి రామభజన నేటికీ దీపం చుట్టూనే సాగుతున్నది. నేటి ఛాయాచిత్రకారుడు ప్రేమించే నీరెండను ఆ కాంపుల గడపలలో కూర్చున్నవారు కూడ చూచినారు. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లి ముఖంమీద ఆ వెలుగే పడినది. కావున ఆ అందం వారి ఆస్తి కూడ. దానిని వారి వారసులు వదులుకొననవసరం లేదు.

అయితే ఆస్తిని అనుభవించువాడు ఋణాన్ని కూడ తీర్చవలెను. ఇది పెద్ద భారమేమీ కాదు. సాయంకాలం తీసిన గోడనే మిట్టమధ్యాహ్నం కూడ తీయవలెను. ఎండ మాడ్చిన ఆ గంటలు కూలీ పనిచేసిన గంటలు. చిత్రం క్రింద ఆ ఎస్టేటు పేరు, తెలిసినంతలో కాలం, అక్కడ పనిచేసినవారి ప్రస్తావన వ్రాయవలెను. ఆ ప్రాంతంలో వృద్ధులున్నచో ముందు వారి మాట విని, తరువాత కెమెరా తెరవవలెను. రాయిని కదల్చరాదు, ఇంటికి కొనిపోరాదు. ఎవరైనా అక్కడ నివసిస్తున్నచో, వారి అనుమతిలేక వారి గడపను చిత్రించరాదు. పూర్వం అనుమతి అడగకయే చిత్రాలు తీయబడినవారి మనుమలకు ఈ మర్యాద వేరుగా చెప్పనక్కరలేదు.

పోర్ట్ లూయిస్‌లో 1849లో ఏర్పడిన వలస కూలీల ఆశ్రయస్థానం ఆప్రవాసీ ఘాట్‌గా 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. అక్కడి రాతిమెట్లకు లోకం నమస్కరిస్తున్నది. ఎస్టేటులలోని పేరులేని గోడలకు అట్టి గౌరవం ఇంకను లభించలేదు. కొన్ని కూలిపోతున్నవి, కొన్నింటిని తీగలు కప్పుతున్నవి. వాటిని కాపాడగల శక్తి లేనివాడైనను ఒక మంచి చిత్రాన్ని, దాని క్రింద నాలుగు నిజమైన మాటలను మిగల్చగలడు. వెలుగు రాతిని చూపుతుంది. ఆ రాతిని మోసినవాని పేరును మాత్రం మనిషే చెప్పవలెను.