స్లాబు బడి

శ్రీకాకుళం నక్సలైట్ పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. పీపుల్స్‌వార్ పెట్టిన కొండపల్లి సీతారామయ్య వరంగల్లులో హిందీ పాఠాలు చెప్పినవాడు. పంతుళ్లు మొదలుపెట్టిన పోరు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు చేరేసరికి బడి గోడల మీదికే ఎందుకు వెళ్లింది?

పైపై జవాబు తేలికే. దంతెవాడ, బీజాపూర్ లోపలి పల్లెల్లో చాలాచోట్ల గట్టి కట్టడమంటే బడి ఒక్కటే. 2005లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వా జుడుం మొదలయ్యాక బలగాలు వాటిలో దిగాయి. కిటికీలకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టారు. అది బడి కాదు, క్యాంపు అంటూ మావోయిస్టులు పేల్చేశారు. రేపు దిగుతారేమోనని ఖాళీగా ఉన్నవాటినీ వదల్లేదు. బడులు ఖాళీ చెయ్యమని సుప్రీంకోర్టు 2011లో చెప్పాల్సి వచ్చింది. తర్వాత రోడ్ల పక్కన వెదురు తడికెలతో పోర్టా క్యాబిన్ బడులు లేచాయి. వెదురు తూటాకు ఆగదు కాబట్టి ఇరుపక్షాలకూ అక్కర్లేకపోయింది. పిల్లలు మాత్రం అమ్మానాన్నల్ని వదిలి అక్కడే ఉండి చదవాలి.

మావోయిస్టులు గోండిలో వాచకాలు రాయించి సొంత బడులూ నడిపారు. పిల్లలకు రాని హిందీలో చెప్పే సర్కారు చదువు కంటే ఆ ఆలోచన మెరుగే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ చదివిన పిల్ల నర్సు ట్రైనింగుకి ఏ సర్టిఫికెట్ పట్టుకెళ్లాలి? 2025 మేలో ఎదురుకాల్పుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్ చదివినవాడు. కాదని వచ్చేయడానికి ఆయనకో చదువుంది. ఆ పల్లె పిల్లలు దేన్ని కాదనుకోవాలి?

సర్కారునూ అడగాలి. బైలదిలా ఇనుప ఖనిజం కిరండూల్ లైను మీద దశాబ్దాలుగా మన విశాఖ రేవుకి వస్తోంది. మావోయిస్టులు పట్టాలు పీకిన ప్రతిసారీ, రోజుల్లోనే మళ్లీ వేసి బండి నడిపించారు. కూలిన బడికి ఏళ్లు పట్టింది. కొన్ని పల్లెల్లో 2005లో ఆరేళ్లున్న పిల్లాడు ఇరవై దాటాక గానీ బడి తెరుచుకోలేదు. గనికున్న తొందర పిల్లాడి విషయంలో ఎందుకు లేకపోయింది?

చాలా ఏళ్ల కింద భద్రాచలం దగ్గర ఒక గుత్తికోయ గూడేనికి వెళ్లాను. జుడుం రోజుల్లో సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. తాటాకు పందిరి కింద పదేళ్ల కుర్రాడు, పక్కన ఐదేళ్ల పిల్లలతో కలిసి ‘అ’ దిద్దుతున్నాడు. బలపం మరీ గట్టిగా నొక్కడంతో రెండు ముక్కలైంది. మీ ఊళ్లో బడి లేదా అని అడిగాను. వాడికి తెలుగు అందలేదు. వాళ్లన్న జవాబిచ్చాడు.

“ఉండె సార్. మంచి స్లాబు బడి.”