బదిలీ గోల్‌కీపర్

మా ఆశ్రమ పాఠశాల జట్టును గోదావరిఖని తీసుకుపోయి ఆడించిన రోజు రాత్రి, తిరుగు ప్రయాణంలో రెండో గోల్‌కీపర్ పిల్లవాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి. మూడు మ్యాచ్‌లూ బెంచీ మీదనే ఉన్నాడు. చాలాసేపటికి నోరు విప్పాడు: "సార్, మనోనికి దెబ్బ తాకాలె అని మనసుల అనుకున్న. అది పాపమా?"

నిద్ర వచ్చినట్టు కళ్లు మూసుకున్నాను. జవాబు తెలియక.

ఫార్వర్డ్ అలసిపోతే ఇంకొకరిని దించుతారు. గోల్‌కీపర్ సంగతి వేరు. జట్టులో ఆ చోటు ఒక్కటే, అది అలసటతో ఖాళీ కాదు. మొదటివాడికి దెబ్బ తగలాలి, జ్వరం రావాలి, ఎర్ర కార్డు పడాలి, లేదంటే పరువు పోయేంత తప్పు జరగాలి. రెండోవాడి మంచిరోజు మొదటివాడి చెడ్డరోజున్నే వస్తుంది.

బొగ్గుబాయిల పక్కన బతికేవాళ్లకు ఇది కొత్త కాదు. సింగరేణిలో బదిలీ వర్కర్ అంటే ఎవరో మనకు తెలుసు. పర్మినెంట్ కార్మికుడు నాగా పెడితేనే అతనికి పని. బాయి మీద నిలబడి పేరు పిలుస్తారేమోనని చూసి, పిలవకపోతే టిఫిన్ డబ్బా అట్లాగే పట్టుకొని ఇంటికి. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే పర్మినెంట్ ఆశ. అలాంటివాడు పొద్దున లేచి "ఇయ్యాల ఎవడన్నా నాగా పెడితే బాగుండు" అనుకుంటే చెడ్డవాడంటామా? ఉద్యోగాల వెయిటింగ్ లిస్టులో ఉన్న మన పిల్లలూ అంతే, పైవాడు చేరకూడదని మొక్కుకుంటారు. (నేనూ మొక్కుకున్నాను. అతను చేరాడు.)

కోరిక ఆ మనిషిదే. ఆ కోరిక పుట్టేలా వరుస కట్టింది మాత్రం అతను కాదు. కాబట్టి నిందలో సగం వరుసకే పోవాలి. మిగతా సగమే నాకు తేలలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు గుర్తు చేసుకుందాం. కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్ మొదటి గోల్‌కీపర్. సైన్యంలో చేరిన కొత్తలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి తర్వాత గోల్‌లోకి మారినవాడు. తంగరాజ్‌కు జ్వరం వస్తే ప్రద్యుత్ బర్మన్ గోల్‌లో నిలబడ్డాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో సెమీఫైనల్ గెలిచాం. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. కోలుకున్న తంగరాజ్‌నే రహీం మళ్లీ దించాడు. 2-1తో బంగారు పతకం మనదైంది. కోచ్ లెక్క తప్పలేదు. కానీ చివరి నిమిషాల్లో బంతి మన గోల్ వైపు వచ్చినప్పుడల్లా బర్మన్ మనసులో ఏం మెదిలిందో ఏ స్కోరు పట్టికా చెప్పదు. ఏమీ మెదలలేదంటే నేను నమ్మను. ఏదో మెదిలిందని అతన్ని తక్కువా చేయను.

రామగుండంలో సింగరేణి మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది. అక్కడివాళ్లదీ ఎదురుచూపే. ఆక్సిజన్ పరికరం వీపున కట్టుకొని ప్రాక్టీసు చేస్తూనే ఉంటారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. రెస్క్యూ మనిషి వంతు అంటే అలాంటి రోజు. తన వంతు రావాలని అతను కోరుకోడు. ఒక్కసారీ పిలుపు రాకుండా రిటైరైతే అది దండగ బతుకని మనమూ అనం. మరి బదిలీవాడికీ అతనికీ తేడా ఏమిటి? మంచితనంలో తేడా ఉందని నాకు తోచదు. పిలుపు వచ్చినా రాకపోయినా రెస్క్యూ మనిషికి జీతం ఆగదు. బదిలీవాడికి పిలిచిన రోజే కూలి. ఎదురుచూపుకు విలువ కట్టని చోటే పక్కవాడి కీడు కోరే ఆలోచన మొలుస్తుంది.

అలా చూస్తే తప్పు మా బడిలోనే జరిగింది. ఈ పిల్లవాడు రోజూ పొద్దున ఆరు గంటలకు మంచులో నిలబడి మొదటి కీపర్‌కు బంతులు కొట్టేవాడు. కుడికి, ఎడమకు, నేల మీద, తలపైన. వాడు ఆరోజు ఆపిన బంతుల్లో సగం వీడు నేర్పినవే. దాన్ని ఆట అని మేమెవరం అనలేదు, వీడూ అనుకోలేదు.

వారం తర్వాత బడి తరఫున సర్టిఫికెట్లు రాశాను. వీడి పేరు పక్కన "రిజర్వ్" అని రాయలేదు, "గోల్‌కీపర్" అనే రాశాను. మైదానంలో దిగనివాడికి అలా రాయడం అబద్ధమని తోటి టీచర్ ఒకాయన అన్నారు. స్టాఫ్ రూములో ఆ వాదన ఇంకా తెగలేదు.