ఏ ద్రాక్షతోట గడప తొక్కాలి?

ఎంపిక అనే మాట మీద స్త్రీవాదం చాలా నమ్మకం పెట్టుకుంది. చదువు, పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, శరీరం... వీటిలో నిర్ణయం మాది కావాలని అడిగాం, ఇంకా అడుగుతూనే ఉన్నాం. బజారు కూడా ఇదే మాట మాట్లాడుతుంది. డబ్బున్నవాళ్ళ ముందు పది రకాలు పరిచి, "మీ ఇష్టం" అంటుంది. ఈ రెండు ఇష్టాలూ ఒకటేనా? ఒక వైనరీల జాబితా ముందు కూర్చున్నప్పుడు ఈ సందేహం నన్ను గట్టిగా పట్టుకుంది.

సదస్సు కోసం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాను. తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు మిగిలాయి. అక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్న ఇద్దరు స్నేహితురాళ్ళు మెండోసినో సముద్రతీరానికి వెళ్దామన్నారు. 101 రోడ్డు మీద క్లోవర్‌డేల్ దాకా వెళ్ళి, 128లోకి తిరిగితే ఆండర్సన్ వ్యాలీ వస్తుంది. బూన్‌విల్, ఫైలో ఊళ్ళు దాటి, ఎత్తైన రెడ్‌వుడ్ చెట్ల కిందుగా ఆ రోడ్డు సముద్రం దగ్గర తేలుతుంది. సముద్రపు పొగమంచు నవారో నది వెంట లోయలోకి ఎక్కి వస్తుంది. ఆ చల్లదనం వల్లే అక్కడ పీనో న్వార్ ద్రాక్ష బాగా పండుతుంది. లోయలో పాత వైనరీ అయిన హుష్ 1971లో మొదలైంది. నవారో 1974 నాటిది. ఫ్రాన్సులో షాంపేన్ చేసే రోడరర్ వాళ్ళు 1982లో వచ్చారు. ఇవి కాక ఇంకెన్నో ఉన్నాయి. రెండు మూడింటికి మించి చూసే వ్యవధి మాకు లేదు. రోడ్డంతా మలుపులు, కారు నడిపేవాళ్ళు తాగకూడదు, మధ్యాహ్నం దాటితే తీరం చేరేసరికి చీకటి పడుతుంది. మరి వేటికి వెళ్ళాలి? రుసుము, దృశ్యం, పేరు, జనం తాకిడి... ఎవరైనా చూసే లెక్కలివే.

నాకు మాత్రం అంతకంటే ముందే ఇంకో లెక్క అడ్డం వచ్చింది. మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఆమె చెప్పిన కబుర్లు వింటూ పెరిగాను. ఆ వారసత్వం చెప్పుకునే నేను వైన్ రుచి చూడ్డానికి ఊళ్ళు తిరగడమేమిటి?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. దూబగుంట స్త్రీలు మద్యం పాపమని వీధిలోకి రాలేదు. అక్షరాస్యత తరగతుల్లో తమ బతుకు గురించి తామే మాట్లాడుకుని, కూలి డబ్బు ఎటు పోతోందో, దెబ్బలు ఎవరి ఒంటి మీద పడుతున్నాయో, ఆ సారా ఆదాయం ఏ ఖజానాకు చేరుతోందో గుర్తుపట్టారు. వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్నీ నిషేధించారు. 1997లో ఆ మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమం మనకు ఇచ్చిన ప్రశ్న "ఆడది తాగొచ్చా?" అన్నది కాదు. ఆ ప్రశ్న ఎప్పుడూ ఉండేదే, ఆడవాళ్ళను కట్టడి చేయడానికి పనికొచ్చేదే. వాళ్ళు అడిగింది వేరు: ఈ గ్లాసు ఖరీదు ఎవరి శరీరం చెల్లిస్తోంది?

ఈ ప్రశ్న నాటుసారాకి వర్తించి, వైన్‌కి వర్తించకుండా పోదు. ఒకటి వ్యసనం, మరొకటి సంస్కృతి అన్న తేడా తాగేవాళ్ళ వర్గాన్ని బట్టి పుట్టింది. వైన్‌ని వర్ణించడానికి మట్టి, పూలు, వాన అంటూ పెద్ద నిఘంటువే ఉంది. ఆ నిఘంటువులో తీగలు కత్తిరించిన చేతికి మాట లేదు.

కాలిఫోర్నియా తోటల్లో ఆ చేతులు ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన వలస కూలీలవి. ఎండలో పనిచేసేవాళ్ళకు నీళ్ళు, నీడ ఇవ్వాలని ఆ రాష్ట్రం 2005లోనే నిబంధన పెట్టింది. అయినా 2008 మే నెలలో, తీరానికి దూరంగా, స్టాక్టన్ వైపు లోపలి లోయలో, ఒక ద్రాక్షతోటలో పనిచేస్తూ పదిహేడేళ్ళ అమ్మాయి వడదెబ్బకు కూలిపోయి రెండు రోజులకు చనిపోయింది. అప్పుడామె గర్భవతి. 2020లో సొనోమా ప్రాంతంలో కార్చిచ్చులు రేగినప్పుడు, ఊరివాళ్ళను ఖాళీ చేయించిన చోట్లకు కూడా కూలీలను ద్రాక్ష కోతకు అనుమతించారు. పంట ఆగదు కదా!

ఇదంతా చెబితే మా స్నేహితురాలు నవ్వింది. "ఏమే, గుక్కెడు వైన్‌కి కూడా థియరీ కావాలా? మనం మానేస్తే వాళ్ళకు నీడ వస్తుందా?"

ఆమె ప్రశ్న తేలికైంది కాదు. నేనొక్కదాన్నీ మానేస్తే శుభ్రపడేది నా మనసే. మడి కట్టుకున్నట్టుంటుంది. వెళ్ళి, గంటకింత జీతానికి గ్లాసులు అందించే అమ్మాయిని కూలీల గురించి నిలదీస్తే ఆమె ఇబ్బంది పడడం తప్ప ఒరిగేది లేదు. మరి బహిష్కరణలు ఎలా గెలిచాయి? 1965 సెప్టెంబరులో డెలానోలో లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన ఫిలిపినో ద్రాక్ష కూలీలు సమ్మె మొదలుపెట్టారు. డొలోరెస్ హుయెర్టా సహస్థాపకురాలిగా ఉన్న సంఘం వారితో చేరింది. ద్రాక్ష కొనవద్దని ఆ కార్మికులే దేశాన్ని అడిగారు. లక్షల ఇళ్ళు విన్నాయి. 1970లో యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. అక్కడ కొనకపోవడం అనేది, అడిగినవాళ్ళకు ఇచ్చిన జవాబు. దూబగుంటలోనూ అంతే, దెబ్బ తిన్నవాళ్ళే ఏం ఆపాలో నిర్ణయించారు.

స్త్రీవాదం అడిగిన ఎంపికకీ, బజారు ఇచ్చే ఎంపికకీ తేడా ఇక్కడే నాకు కనిపిస్తోంది. మొదటిది మనల్ని మరొకరికి జవాబుదారుల్ని చేస్తుంది. రెండోది మనల్ని మన రుచితో ఒంటరిగా వదిలేస్తుంది.

అలాగని ఆనందాన్ని అనుమానించాల్సిన పని లేదు. మన ఆడవాళ్ళ ప్రయాణానికి ఎప్పుడూ ఒక కారణం కావాలి. తీర్థయాత్రో, పెళ్ళో, పురుడో. అమెరికా వెళ్ళిన మన అమ్మలు ఎందరు కూతురి పురిటి కోసం కాక, సముద్రం చూడ్డానికి వెళ్ళారు? ముగ్గురు ఆడవాళ్ళు ఎవరికీ వండకుండా రెండు రోజులు తిరగడం చిన్న విషయమని నేననుకోను. ఆ తీరికను తప్పుగా చూడడం మొదలుపెడితే త్యాగమూర్తి పీట మీద మళ్ళీ మనమే కూర్చుంటాం.

చివరికి రెండు చోట్లకే వెళ్ళాం. సొంత తోటలో పండించుకునేవాళ్ళను ఎంచుకున్నాం. కనీసం చేతికీ సీసాకీ మధ్య దూరం తక్కువ. ఈ కొలత అసంపూర్ణమని తెలుసు, కూలీని బాగా చూస్తారనడానికి అది రుజువు కాదు. వైన్ బాగుంది. కిటికీలోంచి కనిపించిన తోటలో ఆ వేళ ఎవరూ లేరు. కోతల కాలంలో చాలాచోట్ల తెల్లవారకముందే, తలకు దీపాలు కట్టుకుని కోస్తారు. సందర్శకులు వచ్చే వేళకు తోట ఖాళీగా, అందంగా ఉంటుంది.

రేపు ఆ చీకట్లో పనిచేసేవాళ్ళు ఏదైనా అడిగితే, అది నా చెవిన పడే చోట నేను ఉన్నానా? ఏ గడప తొక్కాలన్న దానికంటే నాకిప్పుడు ఈ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తోంది.